పోలీసు విచారణలో కొట్టడం, బెదిరించి ఒప్పించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి కోర్టులో నా దగ్గరికి వచ్చేవాళ్ల కథలు వేరువేరుగా ఉంటాయి. లాడ్జిలో యాత్రికుల బ్యాగు పోతే అనుమానం మొదట రూమ్ బాయ్ మీదికి పోతుంది. బంగారం పోతే ఇంట్లో పనిచేసే అమ్మాయి మీదికి. అడవిలో ఎర్రచందనం దుంగ దొరికితే బోర్డరు అవతలి నుంచి కూలికి వచ్చినవాడి మీదికి. వీళ్లందరి సందేహాలూ మాత్రం దాదాపు ఒకటే. చెప్పిందే చెప్పి నోరు నొప్పి పుట్టి, ఒకచోట రాసిపెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న వెతుక్కుని అదొక్కటే చదువుకున్నా సరిపోతుంది.

2024 జూలై 1 నుంచి సీఆర్‌పీసీ బదులు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్), ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్), సాక్ష్య చట్టం బదులు భారతీయ సాక్ష్య అధినియం (బీఎస్‌ఏ) వచ్చాయి. కింద ఉన్న సెక్షన్ నంబర్లన్నీ వీటివే.

## స్టేషన్‌కు రమ్మన్నప్పుడు

స్టేషన్ నుంచి ఫోన్ చేసి "ఊరికే ఒకసారి వచ్చిపో" అంటున్నారు. పోవాలా?

సాక్షిగా పిలవాలంటే బీఎన్‌ఎస్‌ఎస్ 179 కింద రాతపూర్వక ఉత్తర్వు ఉండాలి. అనుమానితుడిగా పిలవాలంటే 35(3) కింద నోటీసు ఇవ్వాలి. ఈ నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. ఫోన్ కాల్ నోటీసు కాదు. అలాగని ఫోన్ స్విచాఫ్ చేసి ఊరు దాటమని నేను చెప్పను. దానివల్ల అనుమానం పెరుగుతుంది, అరెస్టుకు కారణం దొరుకుతుంది. "నోటీసు ఇవ్వండి సార్, తప్పకుండా వస్తాను" అని మర్యాదగా చెప్పండి. అదే మాట మెసేజ్‌గా కూడా పంపండి. పోవాల్సి వస్తే ఒంటరిగా పోవద్దు. తోడు వచ్చినవాళ్లు బయటే కూర్చున్నా పర్వాలేదు, మీరు ఎన్ని గంటలకు లోపలికి పోయారో చెప్పగలిగిన మనిషి ఒకరుండాలి.

ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో నోటీసుకు స్పందించి హాజరవుతున్న వ్యక్తిని అరెస్టు చేయాలంటే, ఎందుకు అవసరమైందో పోలీసులు కారణాలు రాయాలి. 2014లో అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది ఈ సంగతే.

మా అమ్మను సాక్షిగా స్టేషన్‌కు రమ్మంటున్నారు. ఆమెకు మోకాళ్ల నొప్పులు.

రానవసరం లేదు. మోకాళ్ల నొప్పులు లేకపోయినా రానవసరం లేదు. ఏ వయసు స్త్రీనైనా, 15 ఏళ్ల లోపు, 60 ఏళ్లు దాటిన మగవాళ్లను, వికలాంగులను, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవాళ్లను సాక్షులుగా విచారించాలంటే పోలీసులే ఇంటికి రావాలని 179 చెబుతోంది. వాళ్లంతట వాళ్లు ఇష్టపడి స్టేషన్‌కు వస్తే అది వేరే సంగతి. చట్టం వద్దన్నా తెలిసి తెలిసి రప్పించిన అధికారికి బీఎన్‌ఎస్ 199 కింద ఆరు నెలలకు తగ్గకుండా రెండేళ్ల వరకు కఠిన శిక్ష ఉంది.

నిన్న పొద్దున మావాణ్ణి జీపులో ఎక్కించుకుపోయినారు. అడిగితే "ఎంక్వైరీ, పంపించేస్తాం" అంటున్నారు. అరెస్ట్ కూడా చూపించలేదు.

అన్నిటికంటే ప్రమాదమైన సమయం ఇదే. నా అనుభవంలో దెబ్బలు పడేది ఎక్కువగా అరెస్టయ్యాక కాదు, అరెస్ట్ "చూపించక" ముందు. రికార్డు ప్రకారం ఆ గంటల్లో మీవాడు స్టేషన్‌లోనే లేడు. మేజిస్ట్రేట్‌కు, డాక్టరుకు, జనరల్ డైరీకి (స్టేషన్‌లో రోజూ జరిగేవి రాసే రిజిస్టరు) ఎవరికీ కనబడడు. కాబట్టి మీరు చేయాల్సిన పని ఆ గంటలను కాగితం మీదికి తేవడం.

వెంటనే 112కు ఫోన్ చేసి, ఎవరిని, ఏ టైముకు, ఎక్కడి నుంచి తీసుకెళ్లారో చెప్పండి. కాల్ చేసిన టైము రికార్డవుతుంది. అదే విషయం జిల్లా ఎస్పీ ఆఫీసుకు మెయిల్ చేసి, రిజిస్టర్డ్ పోస్టు కూడా పంపండి. జీపు నంబరు, చుట్టుపక్కల షాపుల సీసీ కెమెరాలు ఎక్కడున్నాయో రాసుకోండి. షాపువాళ్ల కెమెరాల్లో రికార్డింగ్ కొన్నాళ్లకే చెరిగిపోతుంది, అందుకే ఆ రోజే అడిగి కాపీ తీసుకోవడం మేలు. అరెస్టయిన వాళ్ల పేర్లు, చిరునామాలు ప్రతి జిల్లా కేంద్రంలో, ప్రతి స్టేషన్‌లో ప్రదర్శించాలని, అందుకు ఏఎస్ఐ స్థాయికి తగ్గని అధికారి ఉండాలని బీఎన్‌ఎస్‌ఎస్ 37 చెబుతోంది. అక్కడ అడగండి. "ఇక్కడ ఎవరూ లేరు" అన్న జవాబు కూడా తర్వాత పనికొస్తుంది, ఎవరు ఏ టైముకు అన్నారో రాసుకోండి.

ఆ తర్వాత రెండు దారులున్నాయి. ఒకటి, బీఎన్‌ఎస్‌ఎస్ 100 కింద ఇక్కడి మేజిస్ట్రేట్ దగ్గరే పిటిషన్ వేయడం. అక్రమంగా నిర్బంధించిన మనిషి కోసం మేజిస్ట్రేట్ సెర్చ్ వారెంట్ ఇవ్వవచ్చు. రెండోది, అమరావతిలోని హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్, అంటే నిర్బంధించిన మనిషిని కోర్టు ముందుకు తెమ్మని అడిగేది. ఇది రాజ్యాంగంలోని 226వ అధికరణ కింద వేస్తారు. చాలామంది మొదటిదాన్ని మరిచిపోయి నేరుగా అమరావతి బస్సెక్కుతారు. మొదటిది దగ్గరిది, చవకైనది. పిటిషన్ పడిందని తెలిసిన గంటలోనే మనిషి ఇంటికి రావడం, లేదా హడావిడిగా అరెస్ట్ చూపించడం నేను చూశాను.

మా వాడు దొరకలేదని వాళ్ల భార్యను, తమ్ముణ్ణి తెచ్చి కూర్చోబెట్టారు. ఇది చట్టమేనా?

కాదు. ఒకడి కోసం ఇంకొకరిని పట్టి ఉంచే అధికారం ఏ సెక్షన్‌లోనూ లేదు. ఒప్పుకోలు గానీ సమాచారం గానీ రాబట్టడానికి ఒక మనిషిని నిర్బంధిస్తే బీఎన్‌ఎస్ 127(8) కింద మూడేళ్ల వరకు శిక్ష ఉంది. అతని నుంచే కాదు, "అతని మనుషుల" నుంచి రాబట్టడానికైనా అదే నేరం.

## అరెస్టు సమయంలో

అరెస్ట్ చేసేటప్పుడు మాకు ఏం కాగితం ఇవ్వాలి?

1996 డిసెంబరులో డి.కె.బసు కేసులో సుప్రీంకోర్టు పదకొండు సూచనలు ఇచ్చింది. వాటిలో చాలావాటికి ఇప్పుడు చట్టంలోనే చోటు దొరికింది. అరెస్టు చేసే పోలీసు తన పేరు కనబడేలా బ్యాడ్జి పెట్టుకోవాలి. అరెస్ట్ మెమో రాయాలి. దాని మీద కుటుంబసభ్యుడో, ఆ ప్రాంతంలోని పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి, అరెస్టయినవాడు కూడా సంతకం చేయాలి. మీరు చెప్పిన బంధువుకో స్నేహితుడికో సమాచారం అందించాలి. జేబులో దొరికినవాటికి రసీదు ఇవ్వాలి.

మెమో మీద సంతకం పెట్టే ముందు ఒకటి చూడండి: టైము. పొద్దున ఎత్తుకొచ్చి రాత్రి పది అని రాస్తే, సంతకం పక్కనే "నన్ను తెచ్చింది పొద్దున ఏడుకు" అని రాయండి. రాయనివ్వకపోతే, ఆ మాట మేజిస్ట్రేట్‌తో చెప్పడానికి మనసులో పెట్టుకోండి.

ఎందుకు అరెస్ట్ చేశారో ఇంగ్లీషులో రాసిచ్చారు. మాకు తమిళం తప్ప రాదు.

చిత్తూరు, నగరి, కుప్పం వైపు ఈ ప్రశ్న ఎక్కువగా వస్తుంది. అరెస్టు కారణాలు తెలియజేయడం రాజ్యాంగంలోని 22(1) అధికరణ ఇచ్చిన హక్కు. ఆ కారణాలను అరెస్టయిన మనిషికి అర్థమయ్యే భాషలో, రాతపూర్వకంగా ఇవ్వాలని సుప్రీంకోర్టు 2025 నవంబరులో స్పష్టం చేసింది. వెంటనే రాసివ్వలేని పరిస్థితి ఉంటే నోటితో చెప్పి, రిమాండ్‌కు (కస్టడీలో ఉంచాలా వద్దా అని మేజిస్ట్రేట్ తేల్చడానికి) హాజరుపరిచే సమయానికి కనీసం రెండు గంటల ముందైనా రాతలో ఇవ్వాలి. ఇవ్వకపోతే అరెస్టు, రిమాండు రెండూ చెల్లవు. తమిళం మాత్రమే వచ్చిన కూలీ చేతిలో ఇంగ్లీషు కాగితం పెడితే తెలియజేసినట్టు కాదు.

రాత్రి తొమ్మిదికి వచ్చి మా ఆడపిల్లను అరెస్ట్ చేస్తామంటున్నారు.

సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయం ముందు స్త్రీని అరెస్టు చేయకూడదు. తప్పని అసాధారణ పరిస్థితి ఉంటే మహిళా పోలీసు అధికారి రాతపూర్వకంగా అడిగి, ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ అనుమతి ముందే తీసుకోవాలి. ఆ అనుమతి కాగితం చూపించమనండి.

24 గంటల్లో కోర్టులో హాజరుపరచాలి అంటారు. ఎప్పటి నుంచి లెక్క?

మీ కదలికకు అడ్డం పడిన క్షణం నుంచి. రికార్డులో అరెస్ట్ చూపించిన టైము నుంచి కాదు. ప్రయాణ సమయం మాత్రమే తీసేయాలి. "ఆదివారం కదా, పండగ కదా" అన్న సాకు చెల్లదు. సెలవు రోజుల్లో మేజిస్ట్రేట్ ఇంటి దగ్గర హాజరుపరుస్తారు.

మా పిల్లోడికి పదహారేళ్లే. లాకప్‌లో పెట్టినారు.

18 ఏళ్ల లోపు పిల్లలను లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదు. బేడీలు అసలే వేయకూడదు. బాలల సంక్షేమ పోలీసు అధికారి చూసుకోవాలి, 24 గంటల్లో జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. పదో తరగతి మార్కుల మెమో గానీ బర్త్ సర్టిఫికెట్ గానీ పట్టుకుని పరిగెత్తండి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. పోలీసులు వయసు 19 అని రాసుకున్నాక మార్చడం చాలా తిప్పలు.

## లాకప్‌లో, విచారణలో

నోరు మూసుకుని కూర్చుంటే నేరం ఒప్పుకున్నట్టేనా?

కాదు. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 20(3)లో ఉంది. 1978లో నందినీ సత్పతి కేసులో ఈ రక్షణ కోర్టు బోనులోనే కాదు, పోలీసు విచారణలో కూడా ఉంటుందని సుప్రీంకోర్టు చెప్పింది. పేరు, ఊరు చెప్పండి. మిమ్మల్ని ఇరికించే ప్రశ్నకు "దీనికి నేను జవాబు చెప్పను సార్" అనవచ్చు. అబద్ధం చెప్పడం కంటే చెప్పనని అనడం ఎప్పుడూ మేలు.

కొట్టి ఒప్పించినారు. ఖాళీ కాగితాల మీద సంతకం కూడా పెట్టినాను. నా పని అయిపోయినట్టేనా?

లేదు. పోలీసు అధికారి దగ్గర ఒప్పుకున్నది కోర్టులో నిందితుడి మీద సాక్ష్యంగా పనికిరాదు. బీఎస్‌ఏ 23 ఆ సంగతి సూటిగా చెబుతోంది. పోలీసు కస్టడీలో ఉండగా ఇంకెవరి దగ్గర ఒప్పుకున్నా, మేజిస్ట్రేట్ ఎదురుగా అయితే తప్ప చెల్లదు. బెదిరించో, ఆశపెట్టో, బలవంతంగానో రాబట్టిన ఒప్పుకోలును సెక్షన్ 22 కూడా తోసేస్తుంది.

ఈ నిబంధన కొత్తది కాదు, బ్రిటిష్ వాళ్లు పెట్టింది. మద్రాసు ప్రెసిడెన్సీలో చిత్రహింసల మీద వేసిన కమిషన్ 1855లో నివేదిక ఇచ్చింది. అప్పుడు మన చిత్తూరు, తిరుపతి ఆ ప్రెసిడెన్సీలోని ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. శిస్తు వసూలుకు, దొంగతనాల విచారణకు మనుషులను ఎలా వంచి కట్టేసేవారో అందులో ఉంది. పోలీసు దగ్గర ఒప్పుకోలు చెల్లదన్న మాట 1861 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోకి వచ్చింది. తమ పోలీసులను తామే నమ్మలేదన్నమాట.

అయితే ఇందులో ఒక సందు ఉంది, మీరు తెలుసుకోవాల్సింది దాని గురించే. మీరు చెప్పిన మాట వల్ల ఏదైనా వస్తువు దొరికితే, ఆ వస్తువు దొరకడానికి సంబంధించిన భాగం వరకు సాక్ష్యంగా పనికొస్తుంది. ఎంతవరకు అన్నది 1946 డిసెంబరులో ప్రీవీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో మన కేసులకు లండన్‌లో ఉన్న ఆఖరి కోర్టు) పులుకూరి కొట్టయ్య కేసులో తేల్చింది. మన తెలుగు నేల నుంచి వెళ్లిన ఆ కేసును ఇప్పటికీ దేశంలో ప్రతి కోర్టూ ఉదహరిస్తుంది. "ఫలానావాణ్ణి పొడిచిన కత్తిని మా ఇంటి కప్పులో దాచాను, చూపిస్తాను" అని చెప్పి చూపించారనుకోండి. కప్పులో కత్తి దాచిన సంగతి వరకు చెల్లుతుంది, "పొడిచిన" అన్న ముక్క చెల్లదు. అందుకే మన దగ్గర ప్రతి దొంగతనం కేసులో ఒప్పుకోలు, రికవరీ కలిపి మధ్యవర్తుల నివేదిక తయారవుతుంది. దానికి వీఆర్వోలు మధ్యవర్తులుగా సంతకం చేస్తారు. వాళ్లు నిజంగా అక్కడున్నారా, వస్తువు ముందే దొరికిందా అన్నదాని మీదే తర్వాత క్రాస్ ఎగ్జామినేషన్ అంతా నడుస్తుంది. సోదా, స్వాధీనం వీడియో తీయాలని బీఎన్‌ఎస్‌ఎస్ 105 చెబుతోంది. ఆ వీడియో ఎక్కడని మీ లాయరు అడగాలి.

ఖాళీ కాగితాల సంగతి: మేజిస్ట్రేట్ కనబడిన మొదటిసారే ఎన్ని కాగితాల మీద పెట్టారో చెప్పండి. ఆరు నెలల తర్వాత చెబితే లాయరు నేర్పిన మాట అంటారు.

నాలుగు తగిలించకపోతే దొంగ నిజం చెబుతాడా సార్?

ఇది అడిగేది ఎక్కువగా సొత్తు పోగొట్టుకున్నవాళ్లు. వాళ్ల కడుపుమంట నాకు అర్థమవుతుంది. కానీ దెబ్బలకు మనిషి నిజం చెప్పడు, దెబ్బలు ఆగే మాట చెబుతాడు. ఎవరి దగ్గర కుదువ పెట్టావని బాదితే నోటికొచ్చిన కుదువ కొట్టు పేరు చెబుతాడు. పోలీసులు అక్కడికి పోయి వేరేవాళ్ల బంగారం తెస్తారు. మీది మాత్రం దొరకదు, అసలు దొంగ ఊరు దాటుతాడు.

ఇక చట్టం సంగతి. ఒప్పుకోలు కోసమో పోయిన సొత్తు కోసమో గాయపరిస్తే బీఎన్‌ఎస్ 120 కింద ఏడేళ్ల వరకు జైలు, తీవ్ర గాయమైతే పదేళ్ల వరకు. ఆ సెక్షన్ కింద చట్టమే ఇచ్చిన ఉదాహరణ చదవండి: దొంగసొత్తు ఎక్కడుందో చూపించమని మనిషిని హింసించిన పోలీసు అధికారి. 1860 నాటి ఐపీసీ 330లోనూ ఇదే ఉదాహరణ ఉండేది.

లాయరును లోపలికి రానివ్వడం లేదు.

విచారణ జరుగుతున్నప్పుడు మీకు నచ్చిన లాయరును కలిసే హక్కు బీఎన్‌ఎస్‌ఎస్ 38 ఇస్తోంది. విచారణ మొత్తం పక్కన కూర్చునే హక్కు మాత్రం ఇవ్వదు. లాయరు కలవాలని అడిగినట్టు, రానివ్వనట్టు రాసి ఎస్పీకి, మేజిస్ట్రేట్‌కు పంపాలి.

నార్కో టెస్టుకు ఒప్పుకోకపోతే తప్పు చేసినట్టే కదా అంటున్నారు.

నార్కో (మందు ఇచ్చి మత్తులో ప్రశ్నలు అడగడం), లై డిటెక్టర్, బ్రెయిన్ మ్యాపింగ్ ఏదైనా మీ ఇష్టం లేకుండా చేయకూడదని 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఒప్పుకుంటే ఆ ఒప్పుకోలు మేజిస్ట్రేట్ ముందు, లాయరుకు అందుబాటు ఉండగా నమోదు కావాలి. వేలిముద్రలు, చేతిరాత, గొంతు నమూనా వేరు. వాటిని మేజిస్ట్రేట్ ఉత్తర్వుతో తీసుకోవచ్చు.

ఎక్కడ దొంగతనమైనా మా కాలనీ మీదికే వస్తారు. మేం యానాదులమని, ఎరుకలోళ్లమని.

పుట్టుకతో దొంగలని ముద్ర వేసిన నేరస్థ తెగల చట్టం 1871లో పుట్టి, 1952లో రద్దయింది. కాగితం మీద రద్దయింది, అలవాటులో కాలేదు. 2024 అక్టోబరులో సుకన్యా శాంత కేసులో సుప్రీంకోర్టు, విముక్త జాతుల (ఒకప్పుడు ఆ చట్టం ముద్ర వేసిన జాతుల) వాళ్లను ఇష్టమొచ్చినట్టు అరెస్టు చేయకుండా చూడాలని పోలీసులను ఆదేశించింది. యానాదులు, ఎరుకలు మన రాష్ట్రంలో ఎస్టీలు. అందువల్ల ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కూడా వర్తిస్తుంది. పిటిషన్‌లో కులం సంగతి రాయడం మరిచిపోవద్దు. మొహమాటపడి రాయకుండా వదిలేసిన కేసులు చూశాను.

## డాక్టరు ముందు, మేజిస్ట్రేట్ ముందు

రుయా ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు పోలీసు పక్కనే ఉన్నాడు. డాక్టరుకు ఏం చెప్పాలి?

అరెస్టు తర్వాత వైద్యపరీక్ష చేయించడం బీఎన్‌ఎస్‌ఎస్ 53 ప్రకారం తప్పనిసరి. ఒంటి మీది గాయాలు, అవి సుమారు ఎప్పుడు తగిలాయో డాక్టరు రాయాలి. రిపోర్టు కాపీ మీకు గానీ మీరు చెప్పిన మనిషికి గానీ ఇవ్వాలి. స్త్రీని మహిళా డాక్టరే, లేదా ఆమె పర్యవేక్షణలోనే పరీక్షించాలి. కస్టడీలో ఉన్నంతకాలం ప్రతి 48 గంటలకు పరీక్ష చేయించాలన్నది డి.కె.బసు సూచన.

ఇక్కడ చాలామంది భయపడి "ఏం లేదు సార్" అంటారు. అలా అంటే చీటీలో గాయాలు లేవని రాస్తారు. తర్వాత ఆ ఒక్క ముక్కే మీ కేసును ముంచుతుంది. అరికాళ్ల మీద కొడితే పైకి కనబడదు. అందుకే చొక్కా విప్పండి, కాళ్లు చూపించండి, ఎక్కడ నొప్పో చెప్పండి. పోలీసును కాస్త బయట ఉండమని డాక్టరును అడగవచ్చు.

జడ్జి గారు నిమిషంలో రిమాండ్ రాసేస్తారు. మాట్లాడే టైమెక్కడిది?

రిమాండ్ సమయంలో మేజిస్ట్రేట్ "పోలీసులు ఏమైనా ఇబ్బంది పెట్టారా?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు మీరిచ్చే జవాబు రికార్డులోకి ఎక్కుతుంది. ముందు నుంచే మూడు మాటలు తయారుగా పెట్టుకోండి: ఏ రోజు ఏ టైముకు తెచ్చారు, ఎవరు ఎక్కడ కొట్టారు, ఖాళీ కాగితాల మీద సంతకాలు తీసుకున్నారా. అడగకపోయినా చెప్పండి. "మళ్లీ స్టేషన్‌కే పంపిస్తారేమో, చెబితే ఇంకా కొడతారు" అన్న భయం నాకు తెలుసు. గాయాలు చూపించినవాణ్ణి పోలీసు కస్టడీకి ఇచ్చే ముందు మేజిస్ట్రేట్ ఆలోచిస్తారు. చూపించనివాడి విషయంలో ఆలోచించడానికి ఏమీ ఉండదు.

2020 జూన్‌లో పక్కనున్న తమిళనాడు సాత్తాన్‌కుళంలో స్టేషన్‌కు తీసుకెళ్లిన తండ్రీకొడుకులను రిమాండ్‌కు పంపాక ఇద్దరూ చనిపోయారు. ఆ కేసులో సీబీఐ తొమ్మిది మంది పోలీసుల మీద హత్యానేరం కింద చార్జిషీటు వేసింది. డాక్టరు చీటీ, రిమాండ్ ఉత్తర్వు అనే రెండు గేట్లు ఎంత ముఖ్యమో ఆ కేసు గుర్తుచేస్తుంది.

మేజిస్ట్రేట్ ముందు ఒప్పుకోలు ఇస్తే శిక్ష తగ్గుతుందని ఎస్ఐ చెప్తున్నాడు.

ఆ మాటే ఆశపెట్టడం. బీఎన్‌ఎస్‌ఎస్ 183 ప్రకారం, ఒప్పుకోవాల్సిన అవసరం లేదని, ఒప్పుకుంటే మీ మీదే వాడతారని మేజిస్ట్రేట్ ముందుగా చెప్పాలి. అక్కడ నిలబడ్డాక "నాకు ఇష్టం లేదు" అంటే, దాని తర్వాత మిమ్మల్ని పోలీసు కస్టడీకి పంపకూడదు. ఈ చివరి సంగతి చాలామందికి తెలియదు.

## బయటికి వచ్చాక

పోలీసు మీద కేసు అదే స్టేషన్‌లో పెట్టాలా?

అక్కర్లేదు. ఫిర్యాదు రాతపూర్వకంగా ఎస్పీకి పోస్టులో పంపండి. సోమవారం ఎస్పీ ఆఫీసులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా ఇచ్చి రసీదు తీసుకోవచ్చు. అక్కడా కదలకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించాలి. మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేయాలంటే ఘటన జరిగిన ఏడాదిలోపే చేయాలి, ఆ గడువు దాటితే తీసుకోరు. ప్రభుత్వ అనుమతి లేకుండా పోలీసును ప్రాసిక్యూట్ చేయలేరన్న అభ్యంతరం తప్పకుండా వస్తుంది. లాకప్‌లో కొట్టడం విధి నిర్వహణలో భాగం కాదన్నది దానికి మీ లాయరు చెప్పాల్సిన జవాబు.

స్టేషన్‌లో సీసీ కెమెరా ఉంది కదా. ఆ ఫుటేజీ ఎలా తెచ్చుకోవాలి?

2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లో గేటు, లాకప్, వరండా, ఇన్‌స్పెక్టర్ గది అన్నిచోట్లా కెమెరాలు పెట్టాలని, రికార్డింగ్ 18 నెలలు దాచాలని, అది కుదరకపోతే కనీసం ఏడాదైనా దాచాలని ఆదేశించింది. "ఆ రోజు పనిచేయలేదు" అన్న జవాబు రావచ్చు. అందుకే మొదటి వారంలోనే తేదీ, టైము రాసి, ఫుటేజీ చెరిపేయకుండా దాచమని కోర్టులో పిటిషన్ వేయించండి.

కస్టడీలో మనిషి చనిపోతే?

బీఎన్‌ఎస్‌ఎస్ 196 ప్రకారం పోలీసు విచారణతో పాటు మేజిస్ట్రేట్ విడిగా విచారణ చేయాలి. 24 గంటల్లో జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు సమాచారం పోవాలి. పోస్టుమార్టం వీడియో తీయమని రాతపూర్వకంగా అడగండి, అంతవరకు అంత్యక్రియలకు తొందరపడొద్దు. 1993లో నీలబతి బెహెరా కేసులో కొడుకును పోగొట్టుకున్న తల్లికి సుప్రీంకోర్టు లక్షన్నర పరిహారం ఇప్పించింది. పరిహారం అడగడానికి క్రిమినల్ కేసు తేలేదాకా ఆగక్కర్లేదు.

చిత్రహింసలకు విడిగా చట్టం లేదా?

లేదు. చిత్రహింసలకు వ్యతిరేకంగా ఉన్న ఐక్యరాజ్య సమితి ఒప్పందం మీద భారత్ 1997లో సంతకం చేసింది, ఇప్పటిదాకా ధ్రువీకరించలేదు. 2010లో ఒక బిల్లు లోక్‌సభలో నెగ్గి, తర్వాత మురిగిపోయింది. 2017లో లా కమిషన్ 273వ నివేదికలో మళ్లీ సిఫారసు చేసింది.

లాయరుకు ఇచ్చే డబ్బుల్లేవు.

కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరు దొరుకుతాడు. ఉచిత న్యాయసహాయం హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి, లేదా చిత్తూరు జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థకు పొండి. తెల్లకాగితం మీద పేరు, స్టేషన్, తీసుకెళ్లిన టైము రాసిస్తే చాలు. టైము మాత్రం తప్పకుండా రాయండి.